క్రాప్ చెయ్యని పేజీలు

3 నవంబర్ 2024, ఆదివారం
రాజమండ్రి

ఆల్బమ్ డిజైనర్ ఉద్యోగమంటే ఒకరు తీసిన ఫొటోలో అనవసరమైనదాన్ని ఇంకొకరు కత్తిరించడం. పెళ్లికొడుకు పక్కన కూల్‌డ్రింకు సీసా, ముత్తయిదువ భుజం వెనక ఎవరిదో సగం మొహం, మండపం స్తంభానికి వేలాడే వైరు. మౌసు ఒక్కసారి లాగితే అన్నీ పోతాయి. ఏళ్ల తరబడి ఇదే పని చేసేసరికి కంపోజిషన్ అనేది ఫొటో తీశాక చేసేదన్న నమ్మకం వేళ్లలోకి దిగిపోయింది. మాస్టారు ముందుగా దాన్నే పట్టుకున్నారు. "క్రాప్ చెయ్యకమ్మా. ఏది వస్తే అది మొత్తం ప్రింటు వేసి పట్రా. హాల్లో ప్రొజెక్టరు పక్కన కత్తెర పట్టుకుని ఎవడూ కూర్చోడు."

బళ్లో చెప్పే మాస్టారు కాదాయన. కోడంబాకంలో కెమెరా అసిస్టెంటుగా చాలాకాలం చేసి, ఊరొచ్చి స్టూడియో పెట్టి, డిజిటల్ వచ్చాక షట్టరు దించేసిన మనిషి. దానవాయిపేటలో మేడమీద గది. మూలన ట్రైపాడ్, దాని మీద ఎప్పుడూ ఆరేసిన తువ్వాలు. సినిమా కెమెరా నేర్చుకోవాలని వచ్చానంటే, ముందు స్టిల్ తియ్యమన్నారు. జూమ్ వద్దు, 50 ఎం.ఎం. లెన్సొక్కటే. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్లాలి.

ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియే-బ్రెస్సాన్ కూడా అంతేనన్నారు. నెగెటివ్ మొత్తం ప్రింటులో కనిపించాల్సిందే, ఒక్క అంచు తగ్గించినా ఊరుకునేవాడు కాదని. ఇంటికొచ్చి చూస్తే ఆయన ఫొటోల్లో అందరికీ తెలిసినదే క్రాప్ చేసినది! 1932లో పారిస్‌లో సేంట్ లజార్ స్టేషను వెనక నీళ్లగుంట మీంచి ఒకాయన గెంతే ఫొటో. కంచె సందులోంచి తియ్యడంతో ఒక పక్క అడ్డం వచ్చింది, అది తీసేశారు. ఈసారి వెళ్లినప్పుడు చెప్పాలి. చెప్పినా ఒప్పుకోరులే.

నాకు కొత్తగా తెలిసింది వేరే ఉంది. ఆ కార్టియే-బ్రెస్సానే 1930లలో ఝాఁ రెన్వార్ దగ్గర అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేశాడు. 1939లో వచ్చిన 'ద రూల్స్ ఆఫ్ ద గేమ్'కి కూడా. ఒక్క క్షణాన్ని పట్టుకోవడానికి పెట్టింది పేరైన మనిషి, క్షణం తర్వాత క్షణం పేర్చే పనిలో కొన్నాళ్లు గడిపాడన్నమాట. అక్కడ ఏం నేర్చుకుని ఉంటాడా అని ఆలోచిస్తూ పడుకున్నాను.


8 నవంబర్, శుక్రవారం

ఈ ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. పుట్టి పెరిగిన ఊరే అయినా కెమెరా పట్టుకునేదాకా దీని సంగతి ఆలోచించలేదు. పొద్దున పుష్కరఘాట్‌లో నిలబడితే సూర్యుడు మన వీపు వెనక, ఊళ్లోంచి వస్తాడు. నీళ్లు, పడవలు, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, అన్నిటి మీదా వెలుగు సమంగా పడి ఏదీ ముందుకు రాదు, ఏదీ వెనక్కి పోదు. సాయంత్రం సూర్యుడు అవతలి గట్టున కొవ్వూరు వైపు దిగుతాడు, గట్టు మీద మనుషులంతా నల్లటి ఆకారాలైపోతారు. నీళ్ల మీద ఉదయం కావాలంటే అక్కడి గోష్పాద క్షేత్రం దగ్గరికెళ్లి ఇటు తిరిగి తియ్యాలి.

సినిమాకి ఈ పట్టింపు లేదు. ఇక్కడ సాయంత్రం తీసి, ముందు ఒక కోడికూత వేస్తే తెల్లారిపోతుంది. కొవ్వూరు ఏ దిక్కునుందో హాల్లో వాళ్లకి ఎవరు చెప్పొచ్చారు? ఫొటోకి ఆ అవకాశం లేదు, తన సాక్ష్యం తనే చెప్పుకోవాలి.

ఆదుర్తి సుబ్బారావుగారిది ఈ ఊరే. దర్శకుడు కాకముందు బొంబాయి వెళ్లి ఫొటోగ్రఫీ చదువుకున్నారు. 'మూగమనసులు' ఇవాళ మళ్లీ పెట్టుకుని చూడాలి, ఏ షాట్ ఏ పూట తీశారో పడవ నీడని బట్టి పట్టుకోవచ్చు.


15 నవంబర్, కార్తీక పౌర్ణమి

ఘాట్ కిటకిట. అరటి దొప్పల్లో దీపాలు. ఎఫ్ 1.8, ఐఎస్ఓ 3200 పెట్టుకుని దిగాను.

మాస్టారి ఇవాళ్టి షరతు: మీట నొక్కేముందు నాలుగు మూలలూ చూడాలి, ఆ తర్వాతే మనిషిని. చెప్పినంత తేలిక కాదు. దీపం వదులుతున్న ఆవిడ మొహం మీద వెలుతురు పడుతుంటే కన్ను అక్కడినుంచి కదలనంటుంది. బలవంతంగా మూలలకి తిప్పితే కనబడతాయి: పై ఎడమ మూలలో మునిసిపాలిటీ దీపస్తంభం, కింద కుడి మూలలో ఎవరిదో చెప్పు. రెండడుగులు పక్కకి జరిగి మోకాళ్ల మీద కూర్చుంటే రెండూ పోయాయి. పైగా నీళ్లలోని దీపాలు ఆవిడ చేతి కింద ఒక వరసలోకి వచ్చాయి. ఇన్నాళ్లూ మౌసుతో చేసింది మోకాళ్లతో చెయ్యొచ్చు.

ఫోన్లలో అడ్డం నిలువు గీతలు వేసి చూపిస్తారే, మూడు భాగాల సూత్రం, దాన్ని 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు పల్లెటూరి దృశ్యాల మీద రాసిన పుస్తకంలో పెట్టాడు. అప్పటికి ఫొటో అనేదే పుట్టలేదు. ఈ రాత్రి ఆ గీతలు నాకు ఎందుకూ పనికిరాలేదు. దీపాలు గీతల మీద ఆగవు, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటే.

ఇంకొకటి. షట్టరు సెకనులో 50వ వంతు పెట్టమన్నారు. దీపాలు కాస్త సాగినట్టు పడ్డాయి. బాగోలేదేమో అనుకున్నాను. ఆయన మాత్రం "సినిమాలో ప్రతి ఫ్రేమూ ఇంతే" అన్నారు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కోదానికీ షట్టరు సగం సేపు తెరిచుంటుంది, అంటే 48వ వంతు. సరిగ్గా ఆ చెదరడం వల్లే కదలిక మెత్తగా అనిపిస్తుంది.


21 నవంబర్, గురువారం

మాస్టారు ట్యూబులైటు ముందు రెండు ఫిల్ము ముక్కలు పట్టుకుని చూపించారు. రెండూ 35 ఎం.ఎం., రెండిటి అంచుల్లోనూ అవే కన్నాలు. మొదటిదాంట్లో బొమ్మలు ఒకదాని కింద ఒకటి, నాలుగు కన్నాలకి ఒక ఫ్రేము. రెండోదాంట్లో పక్కపక్కన, ఎనిమిది కన్నాలకి ఒకటి. మొదటిది సినిమా, రెండోది ఎవరిదో పెళ్లి నెగెటివ్.

జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్లో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఈ తిప్పుడు తిప్పాడు. 1913-14 ప్రాంతంలో సినిమా ఫిల్మునే అడ్డంగా నడిపించి, రెండు ఫ్రేముల జాగాలో ఒక ఫొటో పట్టేలా చిన్న కెమెరా కట్టాడు. 18×24 మిల్లీమీటర్లవి రెండు కలిస్తే 24×36. 1925లో అది లైకా పేరుతో బజారుకొచ్చింది. మా లైన్లో కుర్రాళ్లు అప్పు చేసి మరీ కొనే 'ఫుల్‌ఫ్రేమ్' ఈ రెండు సినిమా ఫ్రేముల కొలతే. సినిమాకి ఫొటో తల్లి అంటుంటారు. ఈ కెమెరా దగ్గరికొచ్చేసరికి మాత్రం వరస తిరగబడింది, తల్లే కూతురి చీర కట్టుకుంది.

నా దగ్గరున్నది స్టూడియో పాత కెనాన్, క్రాప్ బాడీ. పెళ్లిళ్లలో దాన్ని చూసి నవ్వుతారు. దాని సెన్సారు వెడల్పు 22 మిల్లీమీటర్ల చిల్లర. పాత రోజుల సినిమా ఫ్రేము వెడల్పు కూడా దాదాపు అంతేనని ఇవాళ లెక్కేసి చూపించారు. జపాన్ దర్శకుడు ఓజు కెమెరాని నేలకి దగ్గరగా దించి 50 ఎం.ఎం. లెన్సుతో సినిమాలు తీశాడు కదా, అదే లెన్సు నా క్రాప్ బాడీకి తగిలిస్తే వెడల్పులో ఇంచుమించు ఆయన చూసినంతే కనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌కి తగిలిస్తే ఇంకా వెడల్పుగా కనిపించి ఆ బిగువు పోతుంది. ఈ సంగతి ఆ నవ్విన కుర్రాళ్లకి చెప్పను.

ఇంకో లెక్క నేనే వేసుకున్నాను. 36 ఫొటోల రోలంటే 288 కన్నాలు. సినిమా లెక్కలో అవి 72 ఫ్రేములు, మూడు సెకన్లు. మా నాన్న పెళ్లికి తీసిన ఫొటోలన్నీ ఒక్క రోలులోవే. వాటిని అమ్మ ఇన్నేళ్లుగా చూస్తూనే ఉంది.


24 నవంబర్, ఆదివారం

సౌండు తీసేసి 'మాయాబజార్' చూశాను. పాటలూ మాటలూ నోటికొచ్చిన సినిమాని ఇలా చూడటం కష్టం, మనసులో రికార్డు మోగుతూనే ఉంటుంది. అరగంట గడిచాక గాని చెవులు ఊరుకోలేదు.

దీని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ సినిమాల్లోకి రాకముందు పత్రికలకి ఫొటోలు తీశాడు, న్యూస్‌రీళ్లు తీశాడు. ఆ చెయ్యి తెలుస్తుంది. ఎంతమంది ఉన్నా చూడాల్సిన మొహం ఒక్క చూపులో దొరుకుతుంది. 'లాహిరి లాహిరి'లో ఆరుబయట ఎన్నూరు దగ్గర తీసినది కొన్ని సెకన్లేనట, మిగతా వెన్నెలంతా వాహినీ ఫ్లోరులో దీపాలతో పోసినదే. రెండూ ఎక్కడ అతుకుతాయో వెతికాను. ఒకచోట అనుమానం వచ్చింది గాని పందెం కట్టలేను.

ఫ్రేములు ఆపి స్కెచ్ వేసుకుందామనుకున్నాను. ఇక్కడొక చిక్కుంది. ఆపిన ఫ్రేము ఫొటో కాదు. ఘటోత్కచుడి చెయ్యి చెదిరిపోయి ఉంటుంది, సావిత్రి కళ్లు సగం మూసి ఉంటాయి. ఒక్క ఫ్రేము ముందుకో వెనక్కో వెళ్తే పొందిక మారిపోతుంది. సినిమా స్క్రీన్‌షాట్లు పెట్టి వాటిమీద త్రికోణాలు గీసి చూపించే వీడియోలు చూసీ చూసీ మోసపోతున్నాం. కెమెరామన్ కూర్చింది ఆ ఒక్క ఫ్రేముని కాదు, మనిషి అక్కడినుంచి ఇక్కడికి నడిచే దారి మొత్తాన్ని.

అసలు రాయాలనుకున్నది ప్రియదర్శిని పెట్టె గురించి. తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖ చూస్తుంది, అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడు చూస్తాడు, దుర్యోధనుడు. రేవతి చూస్తుంది, నగలు. కృష్ణుడు చూస్తాడు, పాచికలతో శకుని. చిన్నప్పుడు ఆ పెట్టెని చూసి ఆశ్చర్యపోయాం, ఈమధ్య లాప్‌టాప్‌తో పోల్చి మురిసిపోతున్నాం. సౌండు లేకుండా చూస్తే వేరే సంగతి తగిలింది. మొహం, పెట్టె, మళ్లీ మొహం. అంతే. మొదటి మొహానికీ రెండో మొహానికీ మధ్య నటులు చేసింది కాస్తే, తక్కినదంతా పెట్టెలోని బొమ్మ చేసింది.

రష్యాలో కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగం ఇదే కదా. మొజూఖిన్ అనే నటుడి మొహం ఒకటే. దాని తర్వాత సూప్ గిన్నె వేస్తే ఆకలి, శవపేటిక వేస్తే దుఃఖం, ఆడమనిషిని వేస్తే కోరిక. చూసేవాళ్లు ఆ నటుణ్ణి మెచ్చుకున్నారని చెబుతారు. ఆ ప్రయోగానికి పింగళి, కె.వి.రెడ్డి గార్లు తెలిసో తెలియకో ఒక పెట్టె చేయించి దానికో పేరు పెట్టేశారు. కథలో మాయ, ఎడిటింగ్‌లోనూ అదే మాయ.

దీన్నుంచి నాకు పనికొచ్చేది: ఫొటోలో మొహం మొత్తం కథని తనే మోయాలి. సినిమాలో మొహం సగమే మోస్తే చాలు, సగం తర్వాతి షాట్‌కి వదిలెయ్యాలి. పూర్తిగా మోసేసిన మొహం తర్వాత ఏ పెట్టె తెరిచినా ఏముంటుంది?


7 డిసెంబర్, శనివారం

పెళ్లి. స్టిల్స్‌కి రెండో మనిషిగా నన్ను పంపారు. జీలకర్రా బెల్లం దగ్గర ఇవాళ చూసింది రాసుకోకపోతే నిద్ర పట్టదు.

అడ్డుతెర పట్టుకోగానే మండపంలో ఒక గీత ఏర్పడుతుంది. పెళ్లికొడుకు ఎడమన, చూపు కుడికి. పెళ్లికూతురు కుడిన, చూపు ఎడమకి. మేమంతా గీతకి ఒకే పక్క: స్టిల్స్‌కి ఇద్దరం, వీడియోకి ఇద్దరు, ఎల్ఈడీ తెరకి లైవ్ ఇచ్చే కుర్రాడు. మాకూ వాళ్లకీ మధ్య మేనమామ, ఆయన పక్కన ఎవరూ అడక్కపోయినా అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడ్డ పెద్దాయన. ముహూర్తం ఇంకా నిమిషాలుందనగా వీడియో వాళ్లలో ఒకతను పెళ్లికూతురి మొహం సరిగ్గా రావడం లేదని మండపం వెనకనుంచి అవతలి పక్కకి వెళ్లిపోయాడు.

స్టిల్ కెమెరా అయితే తప్పేం లేదు. అవతలినుంచి తీసిన ఫొటో అందంగానే ఉంటుంది, దేని బతుకు దానిదే. వీడియోలో మాత్రం అటునుంచి చూస్తే పెళ్లికూతురు ఎడమకొచ్చి, చూపు కుడికి తిరుగుతుంది. ఇటునుంచి తీసిన పెళ్లికొడుకు చూపూ కుడికే. రెండూ పక్కపక్కన అతికిస్తే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేసి మూడో మనిషెవరినో చూస్తున్నట్టుంటుంది. యూనిట్ వాళ్లు 'రైట్ లుక్, లెఫ్ట్ లుక్' అని అరిచేది ఈ గొడవ గురించే. తెర దించిన ఆ ఒక్క చూపు కోసమే కదా ఇంత ఖర్చు!

రాత్రి మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. గీత దాటకూడదని ఎక్కడా లేదన్నారు. దాటాలంటే కెమెరా నడుస్తుండగానే దాటాలి, చూసేవాడు మనతోపాటు నడిచి వస్తాడు. లేదంటే మధ్యలో ఏ పక్కకీ చెందని షాట్ ఒకటి వెయ్యాలి: నెత్తిమీద చేతులు, టాప్ యాంగిల్. లేదా సరిగ్గా గీత మీద నిలబడి ఒకరి మొహం ఎదురుగా. ఓజు ఈ గీతని లెక్కే చెయ్యలేదు, అయినా ఆయన సినిమాల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మనకి తెలియకపోదు, ఎందుకని అడిగాను. "ఓజు సంగతి తర్వాత. ముందు నువ్వు భోజనం చేశావా?" అన్నారు.

వీడియో వాళ్లకీ మాకూ ఎప్పుడూ ఉండే పోట్లాట ఇవాళ కొత్తగా అర్థమైంది. మేం క్షణం కోసం ముందుకి దూకుతాం, వాళ్ల షాట్‌లో మా వీపు పడుతుంది. మాకు కావలసింది దొరికాక పక్కకి తప్పుకుంటాం, వాళ్లకి అప్పటికే తెగిపోయింది. మాకు తెర దిగిన క్షణం చాలు. వాళ్లకి దిగక ముందున్న ఎదురుచూపూ కావాలి.


15 డిసెంబర్, ఆదివారం

మాస్టారిచ్చిన పని: మాట లేకుండా కొన్ని ఫొటోల్లో చెప్పాలి. ఒక మనిషి రేవుకి వచ్చాడు, ఎవరికోసమో చూశాడు, వాళ్లు రాలేదు, వెళ్లిపోయాడు.

నటుడు మా తమ్ముడు. పారితోషికం బిర్యానీ. చేతికి టిఫిన్ కేరియర్ ఇచ్చి మెట్లమీద కూర్చోబెట్టాను. "అక్కా, ఎవరికోసం చూడాలి? ఆడా మగా? చెబితే ఆ ఎక్స్‌ప్రెషన్ ఇస్తా." ఏ ఎక్స్‌ప్రెషనూ వద్దు, నీళ్లకేసి చూడరా అన్నాను. నిరాశపడ్డాడు. ఆ నిరాశ పనికొచ్చింది.

ప్రింట్లు గోడకి వరసగా అంటించి చూశాం. ఒక్కొక్కటీ బాగుంది. వాడు ఎడమన, కుడివైపంతా గోదావరి, సరిగ్గా ఖాళీలో ఒక పడవ. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవచ్చు. అదే చిక్కు. దాన్ని చూశాక పక్క ఫొటో దగ్గరికి వెళ్లాలనే అనిపించదు. వాడికి కావలసినదంతా అందులోనే ఉంది, పడవతో సహా. ఇంక ఎదురుచూడ్డానికేముంది?

తీసేద్దామనుకున్న ఫొటో ఒకటుంది. వాడి ముక్కు కుడి అంచుకి తగిలేంత దగ్గర, వెనకంతా ఖాళీ మెట్లు, చూస్తున్నది ఫ్రేము బయటికి. పెళ్లి ఆల్బమ్‌లో అలాంటిది పెడితే నా ఉద్యోగం పోతుంది. చూపు వైపు ఖాళీ వదలాలని మాకు మొదటిరోజే నేర్పుతారు. మాస్టారు చెయ్యి దానిమీదే ఆగింది. ఏమీ అనలేదు, వేలు అక్కణ్ణుంచి పక్క ఫొటో మీదికి జరిగింది. ఆ వేలు జరిగిందంటే కట్ పడిందన్నమాట.

ఆంద్రే బాజాఁ అనే ఫ్రెంచి విమర్శకుడు దీని గురించే రాశాడు. బొమ్మకి కట్టిన ఫ్రేము చూపుని లోపలికి లాగుతుంది, సినిమా తెర అంచులు మాత్రం బయటికి తోస్తాయి, తెరమీద ఉన్నది ఎప్పుడూ ఇంకా పెద్దదాంట్లో ఒక ముక్కేననిపిస్తాయి అని. ఆయన చెప్పింది పెయింటింగుల గురించి. ఫొటో ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉందని నా అనుమానం. ఘాట్‌లో మూలలు చూసి బయటికి తోసేసిన దీపస్తంభం ఫొటోలో లేనట్టే. సినిమాలో అయితే లేనట్టు కాదు, పక్కనే నిలబడి ఉంది, ఏ క్షణాన్నైనా కెమెరా అటు తిరగొచ్చు.

మరి అన్నీ స్టిల్సే ఉన్న సినిమా సంగతేమిటి? క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెతే' 28 నిమిషాలూ దాదాపు ఫొటోలే. ఒక్కచోట మాత్రం నిద్రపోతున్న ఆడమనిషి కళ్లు తెరుస్తుంది, ఆ కాసిని క్షణాలే కదిలే బొమ్మ. తమ్ముడికి చూపిస్తే సగంలో ఫోన్ తీశాడు, ఆ కళ్లు తెరిచేటప్పుడు మాత్రం తల ఎత్తాడు. ఎలా తెలిసిందో వాడికి!


19 డిసెంబర్

ధనుర్మాసం, ముహూర్తాల్లేవు. డెకరేషన్ వాళ్ల దగ్గర మిగిలిన థర్మకోల్ షీట్లు అడిగి తెచ్చాను. అమ్మని పెరటి గుమ్మంలో కూర్చోబెట్టి, ఎండని షీటు మీద పడేసి మొహం మీదికి మళ్లించాను. తిన్నగా ఎండలో కూర్చోబెడితే కళ్లు చికిలించే అమ్మ, ఇందులో మామూలుగా ఉంది.

సుబ్రతా మిత్రా 'అపరాజితో'లో చేసినది దీనికి పెద్దన్న. కాశీలోని ఇంటి మండువాని స్టూడియోలో సెట్ వేశారు. నడిమింట్లో పైనుంచి దిగే ఆకాశపు వెలుగు కావాలి, ఆ వెలుగుకి నీడలుండవు. సెట్‌మీద తెల్లగుడ్డ కట్టి, దీపాల్ని దానికేసి కొట్టి, తిరిగి కిందికి రానిచ్చాడు. అంతకుముందు 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేనాటికి ఆయన సినిమా కెమెరా ముట్టుకోనే లేదు, స్టిల్స్ తీసిన కుర్రాడంతే. కిటికీ వెలుగు ఎలా పడుతుందో అప్పటికే తెలిసినవాడు గనక దీపాలు అబద్ధమాడితే ఊరుకోలేకపోయాడు.


24 డిసెంబర్, మంగళవారం

శ్యామ్ బెనెగల్ నిన్న పోయారు. పేపర్లో పెద్ద ఫొటో.

తిరుమలగిరిలో పుట్టారు, తండ్రి ఫొటోగ్రాఫరు. పన్నెండేళ్లకే తండ్రి ఇచ్చిన కెమెరాతో మొదటి సినిమా తీశారట. ఫొటో స్టూడియోల ఇళ్లల్లో పిల్లలకి కెమెరా బొమ్మలాగే దొరుకుతుంది, అందులోంచి ఒక్కరు అటు వెళ్తారు. తక్కినవాళ్లం పాస్‌పోర్టు సైజుల దగ్గర ఆగుతాం.

రాత్రి 'అంకుర్' చూశాను. 1974. కెమెరా గోవింద్ నిహలానీ, గురుదత్ సినిమాల వి.కె.మూర్తి దగ్గర పనిచేసి వచ్చినవాడు. తెలంగాణ పల్లె ఎండని అందంగా చూపించడానికి ఎక్కడా తాపత్రయపడలేదు. చివర పిల్లవాడు జమీందారు కిటికీకేసి రాయి విసిరి పరుగెడతాడు, తెరంతా ఎరుపైపోతుంది. ఫ్రేములో ఏమీ లేదు, ఏ మూలా లేదు, రంగొక్కటే. దాన్నే ఫొటోగా ప్రింటు వేసి పట్టుకెళ్తే ఎవరికీ ఏమీ కాదు. ముందున్న రాయి వల్లే అది అంత బరువెక్కింది. ఈ నెలన్నరగా గోడకి అంటించి చూస్తున్నదంతా ఇదే.

మాస్టారికి బెనెగల్ సినిమాలంటే అంత ఇష్టం లేదు. "నిదానం ఎక్కువ" అన్నారు. 'అనుగ్రహం' మాత్రం చూశారట. నాకు నిదానమే ఇష్టం.


20 జనవరి 2025, సోమవారం

పండక్కి వచ్చిన చుట్టాలు వెళ్లిపోయారు, డిసెంబరు పెళ్లి ఆల్బమ్ నా బల్లమీద ఉంది.

మా షీటు 12×36 అంగుళాలు, ఒకటికి మూడు. 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులోకి వచ్చిన సినిమాస్కోప్ కూడా ఇంత వెడల్పుండదు. ఇంత జాగా చూస్తే మావాళ్లకి భయం, చుట్టాలతో నింపేస్తారు. బాపుగారు పత్రికలకి బొమ్మలేసేటప్పుడు తెల్లకాయితాన్ని ఎంత ధైర్యంగా వదిలేవారు! సినిమాకీ షాట్లు ముందే గీసుకునేవారు. 'ముత్యాలముగ్గు' కెమెరా పనికి ఇషాన్ ఆర్యకి జాతీయ అవార్డు వచ్చింది గాని, ఆ కెమెరా ముందు బాపు కాయితం ఒకటి ఉందన్నది మర్చిపోకూడదు.

అడ్డుతెర దగ్గర ఇలా చేశాను. ఒక షీటు మొత్తానికి పెళ్లికొడుకు ఒక్కడే. కుడి అంచుకి ఆనుకుని, కుడికి చూస్తూ. వెనక రెండడుగుల మేర మసక మండపం. పేజీ తిప్పితే, ఎడమ అంచున పెళ్లికూతురు, ఎడమకి చూస్తూ. ఇద్దరి ఫొటోలూ గీతకి ఒకే పక్కనుంచి నేను తీసినవే, అందుకే అతికాయి. తెర దించే పని పేజీ తిప్పే చేతికి వదిలేశాను.

ఓనరుగారు వెనక నిలబడి చాలాసేపు చూశారు. "ఆయ్, బానే ఉందండి గాని, మూడడుగుల షీటులో రెండడుగులు ఖాళీ ఏంటండి? వాళ్లు షీటు లెక్కన డబ్బులిస్తున్నారు. పైగా పెళ్లికూతురు లేదు. పేజీ చిరిగిపోయిందనుకుంటారు." ఆ ఖాళీలో చిన్న చిన్న ఫొటోలు తొమ్మిది పెట్టమన్నారు. పార్టీని అడిగి పెడతానన్నాను.

సాయంత్రం పెళ్లికూతురి తండ్రి వచ్చారు. కంప్యూటర్లో కాకుండా రెండు షీట్లూ ప్రూఫ్ ప్రింటు తీసి, కుట్టినట్టే పట్టుకుని చేతికిచ్చాను. మొదటిది చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. తిప్పారు. వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పారు.

"బాగుందమ్మా" అన్నారు. "ఈ వెనక ఖాళీ ఉంది కదా, ఇందులో మా బావగారిని పెట్టు. పెళ్లికొడుకు తండ్రి. ఆయన ఫొటో పెద్దది ఒక్కటీ లేదని ఇప్పటికే అలిగి ఉన్నారు."

బావగారికి వేరే షీటు వేస్తానని, అందులో ఆయనొక్కరే ఉంటారని, మూడడుగులూ ఆయనకేనని చెప్పి ఒప్పించేసరికి ఏడున్నరైంది. ఓనరుగారు ఎక్స్‌ట్రా షీటని బిల్లులో రాసుకున్నారు.